ఎకో తెర మీది రంగు ఎంత నమ్మవచ్చు?

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది టూడీ ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష, చేయించుకునే ఉంటారు. రిపోర్టు చివర ‘మైల్డ్ ఎమ్మార్’ అనో ‘సివియర్ ఎమ్మార్’ అనో రాసి ఉంటుంది. ఎమ్మార్ అంటే మైట్రల్ కవాటం లీకవడం. ఆపరేషన్ కావాలా, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలా అన్నది చాలావరకు ఆ మాట మీదే ఆధారపడుతుంది. అందుకే దాన్ని ఎలా తేలుస్తారో మీకు తెలియాలని నా కోరిక.

గుండెలో ఎడమ కర్ణికకూ (పై గది) ఎడమ జఠరికకూ (కింది గది) మధ్య ఉంటుంది ఈ కవాటం. జఠరిక ముడుచుకున్నప్పుడు ఇది బిగువుగా మూసుకోవాలి, రక్తమంతా బృహద్ధమనిలోకి పోవాలి. మూసుకోకపోతే కొంత రక్తం వెనక్కి, కర్ణికలోకి చిమ్ముతుంది.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడూ హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తా కలిసి, లోహాల్లో లోపాలు వెతికే యంత్రాన్ని అరువు తెచ్చి గుండె మీద ప్రయోగించారు. అప్పుడు కనిపించినవి కదిలే గీతలే. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ 1980లలో వచ్చింది. దాంతో లీకు ఉందో లేదో క్షణంలో తెలిసిపోతోంది. ఎంత ఉందన్న దగ్గరే చిక్కు.

కర్ణికలో రంగు ఎంత పరుచుకుంటే లీకు అంత పెద్దదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. రంగు చూపేది రక్తం వేగాన్ని, పరిమాణాన్ని కాదు. నీళ్ళ పైపు మూతిని వేలితో నొక్కితే ధార దూరం చిమ్ముతుంది, కానీ వచ్చే నీళ్ళు పెరగవు కదా! బీపీ 110 ఉన్నరోజు చిన్నగా కనిపించిన లీకు, 180 ఉన్నరోజు చాలా పెద్దగా కనిపించవచ్చు. యంత్రంలో రంగు స్కేలును, అంటే రంగు ఏ వేగం దాకా చూపాలన్న హద్దును, సెకనుకు 50 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంచాలి. దాన్ని తగ్గించారా, అదే లీకు తెర నిండా పరుచుకుంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం దీనికి తిరగబడ్డ పరిస్థితి. కవాటం రెక్క ఒకటి తెగి, ధార ఒక పక్కకు తిరిగి కర్ణిక గోడను అంటుకుని పోతుంది. తెర మీద సన్నని పట్టీలా కనిపిస్తుంది, లోపల లీకు తీవ్రంగా ఉంటుంది.

అందుకే కొలవాలి. ధార కవాటం దాటే చోట దాని మెడ వెడల్పు 3 మిల్లీమీటర్లలోపు ఉంటే లీకు స్వల్పం, 7 లేదా అంతకు మించితే తీవ్రం. రెండో పద్ధతి ఇంకా లోతైనది. రక్తం రంధ్రం వైపు దూసుకొచ్చేటప్పుడు దానికి ముందు అర్ధగోళంలా రంగు మారుతుంది. ఆ అర్ధగోళం వ్యాసార్థం 1 సెంటీమీటరు, అక్కడ వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు అనుకోండి. అర్ధగోళం ఉపరితల వైశాల్యాన్ని ఆ వేగంతో గుణిస్తే సెకనుకు దాదాపు 250 మిల్లీలీటర్ల ప్రవాహం అన్నమాట. దాన్ని ధార గరిష్ఠ వేగంతో, సెకనుకు 500 సెంటీమీటర్లు అనుకుందాం, భాగిస్తే రంధ్రం 0.5 చదరపు సెంటీమీటర్లు. 0.4 దాటితే తీవ్రమైనదే. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు వెనక్కి పోయే రక్తం 60 మిల్లీలీటర్లు దాటినా అంతే. అయితే జఠరిక ముడుచుకునే దశ చివర్లో మాత్రమే లీకు ఉండే రోగుల్లో, రంధ్రం పెద్దదిగా లెక్క తేలినా పోయే రక్తం తక్కువే.

ఇన్ని కొలతలూ ఒకే వైపు చూపితేనే ధైర్యంగా చెప్పగలం. ఏళ్ళ తరబడి తీవ్రమైన లీకు ఉంటే గుండె గదులు పెరగాలి. పెరగలేదంటే లెక్క మళ్ళీ చూడాలి. హఠాత్తుగా వచ్చిన లీకుకు ఈ సూత్రం వర్తించదు, గదులకు పెరిగే వ్యవధే ఉండదు.

ఇంకొక్క మాట. ‘ఈఎఫ్ 60 శాతం, గుండె బాగానే ఉంది’ అని నిశ్చింతగా ఉండకండి. ఈఎఫ్ అంటే జఠరికలో నిండిన రక్తంలో అది ఒక్కసారికి ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పే అంకె. ఈ జబ్బులో జఠరిక నెట్టిన రక్తంలో కొంత తక్కువ ఒత్తిడి ఉన్న కర్ణికలోకి సులువుగా జారిపోతుంది, కాబట్టి ఈఎఫ్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. కవాటమే చెడి తీవ్రంగా లీకవుతున్నవారిలో ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వ్యాసం 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకపోయినా ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిందే.

పరీక్షకు వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, వీలైతే పాత వీడియోలూ పట్టుకెళ్ళండి. ఆ సమయంలో మీ బీపీ ఎంతో రిపోర్టులో రాయమని అడగండి. ‘సివియర్’ అని మాత్రమే ఉండి కొలతలు లేకపోతే, అవి ఎంతో మర్యాదగా అడగండి, అది మీ హక్కు. కొలతలు ఒకదానితో ఒకటి పొసగకపోతే అన్నవాహిక గుండా చేసే ఎకో గానీ ఎమ్మారై గానీ తేలుస్తాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.