అంతర్జాతీయ యువజన సదస్సులో స్నేహం: ఆ నాలుగు రోజుల్లో గంటలు ఎక్కడ దొరుకుతాయి?

తెరపై: మెడలో గుర్తింపు కార్డులతో యువతీయువకులు హాల్లోంచి గుంపుగా బయటికి వస్తున్నారు. ఇద్దరు మాత్రం మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

నమస్కారం. అంతర్జాతీయ యువజన సదస్సుకు మొదటిసారి వెళ్తున్న వాళ్ళ కోసం ఈ వీడియో. దరఖాస్తు ఎలా పెట్టాలి, వీసా ఎలా తెచ్చుకోవాలి అనే సంగతులు ఇందులో ఉండవు. అక్కడికి చేరాక, తెలిసిన ముఖం ఒక్కటీ లేని హాల్లో నిలబడ్డాక, స్నేహం ఎలా కుదురుతుందన్నదే ఇవాళ్టి విషయం.

నేను వెళ్ళిన మొదటి సదస్సు నాలుగు రోజులు జరిగింది. వీలైనంత ఎక్కువమందిని పరిచయం చేసుకోవాలన్నదే అప్పటి నా టెన్షన్. చేసుకున్నాను కూడా. నలభైమంది నంబర్లు ఫోన్లోకి ఎక్కాయి. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళలో నాతో ఇంకా మాట్లాడుతున్నది ఒక్కరే. ఆ ఒక్కరూ హాల్లో పరిచయమైన మనిషి కాదు. హోటల్ నుంచి సదస్సుకు తీసుకెళ్ళే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి. అలా ఎందుకు జరిగిందో చాలాకాలం తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

తెరపై: 50 గంటలు. 90 గంటలు. 200 గంటలు.

ఈ మూడు అంకెలు చూడండి. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్త ఊరికి మారిన పెద్దవాళ్ళనూ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ అడిగి, పరిచయం స్నేహంగా మారడానికి ఎన్ని గంటలు పట్టిందో లెక్కగట్టారు. ముఖపరిచయం దాటి మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు. నిజంగా స్నేహితుడు అనుకోవడానికి 90 గంటల దాకా. ప్రాణస్నేహానికి 200 గంటల పైన. ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఒకే చోట పనిచేసినంత మాత్రాన, ఒకే క్లాసులో కూర్చున్నంత మాత్రాన దగ్గరితనం పెద్దగా పెరగలేదు. పని లేకుండా కలిసి గడిపిన గంటలే దాన్ని పెంచాయి.

ఇప్పుడు సదస్సు సంగతికి రండి. ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలి 2012లో మొదలుపెట్టిన యువజన సదస్సు రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1947లో ప్రాగ్ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ యువజన, విద్యార్థి ఉత్సవం జులై చివర్లో మొదలై ఆగస్టు సగం దాటేదాకా సాగింది. అన్ని వారాలు కలిసి తింటూ తిరుగుతూ ఉంటే స్నేహం దానంతట అదే అవుతుంది. ఇప్పుడు మనకు అంత సమయం ఎవరూ ఇవ్వరు.

కాబట్టి లెక్క వేసుకుందాం. నాలుగు రోజుల సదస్సు అనుకోండి. రోజుకు పద్నాలుగు గంటలు మెలకువగా ఉంటారు. అంటే 56 గంటలు. ఉపన్యాసాలు, చర్చలు, వర్క్‌షాపులు రోజుకు ఏడు గంటలు తినేస్తాయి. మిగిలేవి 28 గంటలు. వాటిని నలభైమందికి పంచితే మనిషికి ముప్పావు గంట కూడా రాదు. ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికీ తొమ్మిది గంటలకు పైనే వస్తాయి.

తొమ్మిది గంటల్లో స్నేహం పూర్తికాదు. కానీ ఇంటికి వెళ్ళాక కూడా నిలబడేంత పునాది పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, మొదటిరోజు సాయంత్రానికి ముగ్గురు నలుగురిని మనసులో ఎంచుకోండి. మిగతావాళ్ళను పలకరించండి, నవ్వండి, గౌరవంగా ఉండండి. సమయం మాత్రం ఆ ముగ్గురు నలుగురికే ఇవ్వండి.

తెరపై: బస్సు కిటికీ. పక్కపక్క సీట్లలో ఇద్దరు.

ఆ సమయం దొరికేది కార్యక్రమాల పట్టికలో లేని చోట్ల. బస్సులో, భోజనాల క్యూలో, లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు, ఉపన్యాసం ఆలస్యమైనప్పుడు. లియాన్ ఫెస్టింగర్, అతని సహచరులు 1950లో ప్రచురించిన ఒక పాత పరిశోధన ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థుల కుటుంబాలు ఉండే ఇళ్ళలో ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో చూశారు. పక్క గుమ్మం వాళ్ళను స్నేహితులుగా చెప్పినవాళ్ళు 41 శాతం. అదే అంతస్తులో అటు చివరి ఇంటివాళ్ళ విషయానికొస్తే 10 శాతమే. మధ్య ఉన్న దూరం కాస్త ఎక్కువ, అంతే. మెట్ల దగ్గర ఇల్లున్న కింది అంతస్తు వాళ్ళకు పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ దొరికారు, ఎందుకంటే అందరూ వాళ్ళ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి.

స్నేహానికి అభిరుచులు కలవడం కన్నా ముందు దారులు కలవాలి. అందుకని మీ దారిని మార్చకండి. రోజూ అదే వేళకు టిఫిన్‌కి దిగండి. అదే బస్సు ఎక్కండి. విరామంలో ఫోన్ చూసుకుంటూ మూలకు వెళ్ళకుండా, నలుగురూ నడిచే చోట నిలబడండి. ఇవేమీ ధైర్యం కావాల్సిన పనులు కావు. కొత్తవాళ్ళతో మాట కలపాలంటే గొంతు ఎండిపోయేవాళ్ళు కూడా చేయగలరు.

ఇక్కడ ఒక్కమాట. మీ దేశం నుంచి వచ్చినవాళ్ళతోనే కూర్చోవాలనిపిస్తుంది. ముఖ్యంగా రెండోరోజు, అలసట మొదలయ్యాక. అందులో తప్పేమీ లేదు, సొంత భాష వినడం విశ్రాంతి. కానీ ఆ విశ్రాంతికి రోజులో ఒక్క భోజనం చాలు. మూడు పూటలా అక్కడే కూర్చుంటే, ఇంట్లో ఉన్నా ఒకటే.

తెరపై: ఖాళీ తెర. మూడు సెకన్ల నిశ్శబ్దం.

ఈ మూడు సెకన్లు మీకు ఇబ్బందిగా అనిపించాయా? ఈ వీడియోలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

టాన్యా స్టైవర్స్, ఆమె సహపరిశోధకులు 2009లో పది భాషల్లో జరిగే సంభాషణలను కొలిచారు. ఒకరు అడగడం ఆపాక, ఇంకొకరు జవాబు మొదలుపెట్టే లోపు ఉండే ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు. జపనీస్ మాట్లాడేవాళ్ళు దాదాపు ఖాళీ లేకుండానే అందుకున్నారు. డేనిష్ మాట్లాడేవాళ్ళు దాదాపు అర సెకను తీసుకున్నారు. తేడా చిన్నదే. అయినా మన చెవికి అలవాటైన ఖాళీ కన్నా కాస్త ఎక్కువైతే చాలు, ఎదుటి మనిషికి ఇష్టం లేదేమో అనిపిస్తుంది.

వీళ్ళంతా సొంత భాషలో మాట్లాడుతున్నవాళ్ళు. సదస్సులో చాలామంది తమది కాని భాషలో మాట్లాడుతుంటారు. ప్రశ్న విని, అర్థం చేసుకుని, జవాబు తమ భాషలో కూడబలుక్కుని, దాన్ని ఇంగ్లీషులోకో ఫ్రెంచిలోకో మార్చి, వ్యాకరణం చూసుకుని నోరు తెరిచేలోపు ఎంతసేపు పడుతుంది? ఆ లోపే మనం ఆత్రంగా ఇంకో ప్రశ్న వేస్తాం. లేదా మనమే జవాబు చెప్పేస్తాం. ఆ మనిషి నవ్వి ఊరుకుంటుంది. 'ఈమె ఎక్కువ మాట్లాడదు' అనుకుని మనం లేచి వెళ్ళిపోతాం.

బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి గురించి మొదటి రెండు రోజులూ నేను అలాగే అనుకున్నాను. మూడోరోజు నేను బాగా అలసిపోయి ఉన్నాను. 'ఇంటి దగ్గర అందరూ బాగున్నారా' అని అడిగి, ఇంకేం మాట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె మొదలుపెట్టింది. తన చెల్లెలికి ఆ వారంలోనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష ఉందట. చెల్లెలి చదువు కోసం తను ఒక ఏడాది చదువు ఆపిందట. బస్సు ఆగేదాకా చెబుతూనే ఉంది. రెండు రోజులుగా ఆమె దగ్గర మాటలు లేక కాదు, నేను చోటు ఇవ్వక.

అందుకని, అడిగాక ఆగండి. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. చూపు తిప్పుకోకండి, ఫోన్ తీయకండి. పొడవైన వాక్యాలు, మీ భాషలోని సామెతలు, హడావుడి మాటలు తగ్గించండి. అర్థం కానప్పుడు తల ఊపేయకుండా 'ఇంకోసారి చెప్తావా' అని అడగండి. అలా అడగడం ఎదుటివాళ్ళకు చిన్నతనం కాదు. వాళ్ళ మాట మీకు ముఖ్యమని తెలుస్తుంది.

తెరపై: ఒక చేతిలో చిన్న నోటుపుస్తకం, పెన్ను.

పేరు సంగతి కూడా ఇంతే. కార్డు మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి పలికితే చాలా పేర్లు తప్పుతాయి. వాళ్ళనే పలకమని, చెవికి ఎలా వినపడిందో అలా మీ లిపిలో రాసుకోండి. మర్నాడు పొద్దున సరిగ్గా పిలిస్తే వాళ్ళ ముఖం చూడండి.

ఏం అడగాలన్నది తర్వాతి ప్రశ్న. 'మీది ఏ దేశం, ఏం చదువుతున్నావు' అనేవి రోజుకు ముప్పైమంది అడిగే ప్రశ్నలు, జవాబులు కంఠతా వచ్చేసి ఉంటాయి. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఎదుటివాళ్ళకు నచ్చినవాళ్ళు ఎవరంటే, కొత్త కొత్త ప్రశ్నలు వేసినవాళ్ళు కాదు, చెప్పిన జవాబు పట్టుకుని దాని మీదే ఇంకో ప్రశ్న అడిగినవాళ్ళు. నీళ్ళ సమస్య మీద పనిచేస్తున్నానని ఎవరైనా అంటే 'మంచి పని' అని వదిలేయకండి. ఆ పనిలోకి నిన్ను లాగింది ఏమిటని అడగండి. అడగడంతో పాటు మీ సంగతి కూడా అంతే చెప్పండి. ఆర్థర్ అరన్ బృందం 1997లో చేసిన ప్రయోగంలో అపరిచితులు ఇద్దరిద్దరుగా కూర్చుని 36 ప్రశ్నలకు వంతులవారీగా జవాబులు చెప్పుకున్నారు. తేలిక ప్రశ్నలతో మొదలై మెల్లగా మనసు లోపలికి వెళ్ళే ప్రశ్నలు అవి. ముప్పావు గంట తర్వాత వాళ్ళు, పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటల కన్నా దగ్గరయ్యారు. ఇద్దరూ సమానంగా మనసు విప్పడం ఇందులో ముఖ్యం. ఒకరే అడుగుతూ పోతే అది ఇంటర్వ్యూ అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు గబగబా చెప్తాను. 2017లో 42 దేశాల్లో చేసిన ఒక సర్వేలో, కొత్తవాళ్ళకు అర్జెంటీనా వాళ్ళు బాగా దగ్గరగా నిలబడతామన్నారు, రొమేనియా వాళ్ళు చాలా దూరం పాటిస్తామన్నారు. కాబట్టి ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తే నొచ్చుకోకండి, మీరు ముందుకు జరగకండి. చేయి కలపాలా, కౌగిలించుకోవాలా అన్నది వాళ్ళకు వదిలేయండి.

ఫోటోల విషయం మాత్రం ఇంతకన్నా పెద్దది. సదస్సుకు వచ్చినట్టు తమ దేశంలో తెలిస్తే చిక్కుల్లో పడేవాళ్ళు మీ పక్కనే నిలబడి ఉండవచ్చు. ఫలానా దేశం వాళ్ళతో కలిసి కనిపించడమే కొందరికి ప్రమాదం. నెట్‌లో పెట్టేముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి, గుంపులో అడిగితే వద్దని చెప్పలేరు. యుద్ధంలో ఉన్న దేశం నుంచి వచ్చిన మనిషి కలిస్తే, మొదటి మాటే యుద్ధం గురించి అడగకండి. ఆ నాలుగు రోజులైనా దేశం తరఫున జవాబు చెప్పే పని లేకుండా, ఒక మామూలు ఇరవై రెండేళ్ళ మనిషిగా ఉండాలని వాళ్ళకు ఉండవచ్చు. చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెప్తారు. అప్పుడు వినండి.

తెరపై: రాత్రి. హోటల్ గది. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్న ఒక మనిషి.

ఇక రాత్రులు. గదికి వచ్చి పడుకున్నాక, రోజంతా మాట్లాడినవి తిరిగి గుర్తొస్తాయి. ఆ మాట అలా అనాల్సింది కాదు, ఆమెకు విసుగొచ్చి ఉంటుంది, ఆయన మర్యాదకు నవ్వాడు. ఈ ఆలోచనలతోనే చాలామంది మర్నాడు పలకరించడం మానేస్తారు. ఎరికా బూత్బీ, ఆమె సహచరులు 2018లో దీన్నే పరీక్షించారు. కొత్తవాళ్ళు మాట్లాడుకున్నాక, ఎదుటివాళ్ళు నిన్ను ఎంత ఇష్టపడ్డారని అనుకుంటున్నావని ఇద్దరినీ విడివిడిగా అడిగారు. జనం అనుకున్నదాని కన్నా ఎదుటివాళ్ళు వాళ్ళను నిజంగా ఎక్కువే ఇష్టపడ్డారు. హాస్టల్లో ఒకే చోట ఉండే విద్యార్థుల్లో ఈ అపోహ నెలల తరబడి ఉండిపోయింది. కాబట్టి ఆ రాత్రి మీ మనసు వేసే మార్కులు తక్కువ మార్కులని తెలుసుకోండి. పొద్దున మళ్ళీ వెళ్ళి అదే సీట్లో కూర్చోండి.

చివరిరోజు అందరూ ఏడుస్తారు, గ్రూపు పెడతారు. ఆ గ్రూపులో రెండువారాలు శుభాకాంక్షలు వస్తాయి, తర్వాత నిశ్శబ్దం. ఆ గ్రూపును నమ్ముకోకండి. ఇంటికి చేరిన వారంలోపే, మీరు ఎంచుకున్న ముగ్గురు నలుగురికీ విడివిడిగా రాయండి. 'ఎలా ఉన్నావు' అని రాయకండి, దానికి 'బాగున్నాను' తప్ప జవాబు ఉండదు. వాళ్ళు చెప్పిన ఒక సంగతి పట్టుకుని రాయండి. అక్కడ అర్ధరాత్రి అయితే గొంతు రికార్డు చేసి పంపండి, వాళ్ళు లేచాక వింటారు. వెంటనే జవాబు రాకపోతే, బస్సులో ఆగినట్టే ఇక్కడా ఆగండి.

నేను ఆమెకు పంపిన మొదటి మెసేజ్ ఒక్క వాక్యం. 'మీ చెల్లెలి పరీక్ష ఎలా జరిగింది?' జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చింది ఒక ఫోటో. తెల్లటి యూనిఫాం వేసుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి, పక్కనే చెల్లెలి భుజం మీద చేయి వేసి నిలబడిన నా స్నేహితురాలు.

తెరపై: బస్సు కిటికీ. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎవరో వచ్చి కూర్చుంటారు.