సోలార్ పెట్టించే ముందు కప్పు సంగతి

అందరికీ నమస్కారం. సోలార్ అనగానే మనవాళ్ళు ప్యానెల్ ఎన్ని వాట్లు, ఇన్వర్టర్ ఏ కంపెనీది అని నెలల తరబడి బేరీజు వేస్తారు. కప్పుకు పడే కన్నాల గురించి మాత్రం అడగరు. నేను మాట్లాడేది వాటి గురించే.

అమెరికాలో మన ఇళ్ళలో చాలావాటికి ఆస్ఫాల్ట్ షింగిల్సే, అంటే వరసలుగా పరిచే తారు పలకలు. ఊళ్ళో పెంకుటిల్లు గుర్తుందిగా? పై పెంకు కింది పెంకు మీదికి వాలి ఉంటుంది, ఏ బంకా లేకుండానే వాన జారిపోతుంది. షింగిల్‌దీ అదే లెక్క. ఆ వరసల మధ్యే సోలార్ వాళ్ళు డజన్ల కొద్దీ కన్నాలు వేస్తారు. తప్పదు మరి, గాలికి ప్యానెళ్ళు లేచిపోకుండా ఉండాలంటే లాగ్ బోల్టు, అంటే చెక్కలోకి దిగే లావాటి మర బోల్టు, కిందున్న వాసంలోకి దిగాలి. వాసం మందం అంగుళంన్నరే కాబట్టి ఒక్కోసారి గురి తప్పుతుంది. అలా తప్పిన కన్నం మీద కాస్త సీలెంట్, అంటే నీళ్ళు దిగకుండా పూసే బంక, పులిమి ముందుకు పోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎండకు, చలికి సీలెంట్ ఏదో ఒకనాడు పగులుతుంది.

అందుకే ఫ్లాషింగ్. బోల్టు దిగే చోట షింగిల్స్ మధ్య పెట్టే పలచని అల్యూమినియం రేకు అది. పై అంచు పై వరస షింగిల్ కిందికి దూరాలి, కింది అంచు కింది వరస మీద పరుచుకోవాలి. గాలికి లేవకుండా షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక చదునైన బార్‌తో చిరక్కుండా విడదీయాలి. చలికాలంలో అయితే పెళుసెక్కి విరుగుతాయి కూడా. రేకును పైకి తోస్తుంటే షింగిల్‌కు కొట్టిన మేకు అడ్డం పడుతుంది. ఓపికున్నవాడు ఆ మేకు పీకుతాడు. లేనివాడు రేకును అక్కడే ఆపేస్తాడు. అప్పుడు పై షింగిల్స్ సందులోంచి దిగిన నీళ్ళు రేకు వెనక్కి చేరి, తిన్నగా బోల్టు దగ్గరికి పోతాయి. రేకు అడుగున సీలెంట్ రాసినా కింది వైపు మూసేయకూడదు. లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి ఉండాలి.

ప్యానెళ్ళు ఎక్కాక ఇవేవీ కనబడవు. ప్రతి మౌంటు, అంటే ప్యానెళ్ళను కప్పుకు బిగించే ప్రతి చోటు, ఫోటో ముందే తీసి ఇమ్మని కాంట్రాక్టులో రాయించండి. కప్పు పాతదైతే ముందు దాన్నే మార్పించండి, తర్వాత ప్యానెళ్ళు దించి మళ్ళీ ఎక్కించాలంటే వేల డాలర్లు. మొదటి పెద్ద వాన పడ్డాక టార్చి పట్టుకుని అటిక్‌లోకి, అంటే కప్పుకూ సీలింగ్‌కూ మధ్యనున్న ఖాళీలోకి వెళ్ళండి, బోల్టుల చుట్టూ షింగిల్స్ కిందున్న ప్లైవుడ్ నల్లబడిందేమో చూడండి. సీలింగ్ మీద మరక తేలేసరికి పైన వేడి, చలి ఆపే ఇన్సులేషన్ తడిసి ముద్దయి ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.