మూడు కెమెరాల ముందు లూసిల్ బాల్

నమస్కారం. చెన్నై వడపళనిలోని మా ఎడిటింగ్ గది నుంచి తెలుగు విద్యార్థుల కోసం చేస్తున్న ఈ పాఠంలో, అమెరికన్ టెలివిజన్ నటి లూసిల్ బాల్ జీవితాన్ని ఎడిటర్ కంటితో పరిశీలిద్దాం. హాస్యనటిగా ఆమెను మెచ్చుకునేవారు ఎందరో ఉన్నారు గానీ, ఆ హాస్యం చెక్కుచెదరకుండా మన దాకా ఎలా వచ్చిందో ఆలోచించేవారు తక్కువ.

ఆమె 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో జన్మించారు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో మరణించారు. నటన నేర్చుకోవడానికి న్యూయార్క్ వెళితే, అక్కడి నాటక పాఠశాల ఆమెను పనికిరాదని ఇంటికి పంపించింది. తర్వాత మోడలింగ్ చేసి, 1933లో హాలీవుడ్ చేరి, ఆర్‌కేవో స్టూడియోలో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు వేశారు. 1940లో అక్కడే ఒక చిత్రం సందర్భంగా పరిచయమైన క్యూబా సంగీతకారుడు డెసీ అర్నాజ్‌ను అదే ఏడాది నవంబరులో వివాహమాడారు.

1948లో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ రేడియోలో మొదలైన ఆమె హాస్య ధారావాహికను టెలివిజన్‌కు మార్చుదామని సంస్థ అడిగినప్పుడు, భర్త పాత్రను తన భర్తే పోషించాలని ఆమె పట్టుబట్టారు. క్యూబా యాసతో మాట్లాడే మనిషిని అమెరికన్ గృహిణికి భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని సంస్థ సందేహిస్తే, దంపతులిద్దరూ 1950లో ఊరూరా రంగస్థల ప్రదర్శనలిచ్చి ఆ సందేహాన్ని తీర్చారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వీడియో టేపు ఇంకా రాని ఆ రోజుల్లో కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరపు నగరాలకు, టీవీ తెరకు ఎదురుగా కెమెరా పెట్టి తీసిన మసక ప్రతి మాత్రమే చేరేది. హాలీవుడ్ వదిలి వెళ్లడానికి దంపతులు ఇష్టపడలేదు. సినిమాలో వాడే 35 ఎంఎం ఫిల్ముపై, ప్రేక్షకుల ఎదుటే, మూడు కెమెరాలతో చిత్రీకరిస్తామన్నారు. పెరిగే ఖర్చుకు బదులుగా వారానికి 1000 డాలర్ల పారితోషికం తగ్గించుకుని, ఆ రీళ్ల యాజమాన్యం తమ సంస్థ డెసిలూకే ఉండేలా ఒప్పందం రాయించుకున్నారు. నా దృష్టిలో ఆమె వృత్తి జీవితంలోని అన్ని పాత్రల కన్నా ఈ ఒప్పందమే గొప్పది.

‘ఐ లవ్ లూసీ’ పేరుతో ఆ టీవీ ధారావాహిక 1951 అక్టోబరు 15న ప్రారంభమైంది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. ‘మెట్రోపొలిస్’ చిత్రానికి పనిచేసిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్, మూడు కెమెరాలూ ఆగకుండా కదిలేందుకు వీలుగా లైట్లను పైనుంచి వేలాడదీశారు. అందువల్ల ఆమె సెట్టులో ఎటు పరుగెత్తినా ముఖం వెలుగులోనే ఉండేది. రెండో సంవత్సరం ఆమె నిజంగా గర్భవతి అయినప్పుడు దాన్ని కథలోనే కలిపారు గానీ, ‘గర్భవతి’ అన్న మాటను పలకనివ్వలేదు. 1953 జనవరి 19న కథలో లూసీకి బిడ్డ పుట్టిన రోజే ఆమె కొడుకూ పుట్టాడు.

తర్వాత ఆ రీళ్ల హక్కులను సీబీఎస్‌కే అమ్మారు. ఒకప్పుడు తాను చిన్న వేషాలు వేసిన ఆర్‌కేవో స్టూడియోలను డెసిలూ 1957లో కొనేసింది. 1960లో విడాకులు తీసుకున్న ఆమె, 1962లో డెసీ వాటాను కూడా కొని సంస్థకు అధిపతి అయ్యారు. ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష ధారావాహిక 1966లో ఆ సంస్థ నుంచే వచ్చింది. మరుసటి ఏడాది ఆమె సంస్థను అమ్మేశారు. ఆమె చివరి సుదీర్ఘ ధారావాహిక 1974లో ముగిసింది. అది ముగిసిన మరుసటి ఏడాది, 1975 ఆగస్టు 15న గానీ మన మద్రాసు దూరదర్శన్ మొదలు కాలేదు. 1989లో ఆమె మరణించారు.

ఇప్పుడు అభ్యాసం. 1952 సెప్టెంబరులో ప్రసారమైన చాక్లెట్ల కర్మాగారం సన్నివేశాన్ని శబ్దం తీసేసి చూడండి. కదిలే పట్టీపై చాక్లెట్లు ముంచుకొస్తుంటే, కాగితం చుట్టలేక ఆమె వాటిని నోట్లో, టోపీలో, దుస్తుల్లో దాచేస్తుంది. ప్రతి కోత దగ్గర, అంటే ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే చోట, వీడియో ఆపి, చేతులు కనిపించే దూరపు షాట్ ఎంతసేపు నిలిచిందో, ముఖం దగ్గరికి ఎప్పుడు వెళ్లారో టైమ్‌కోడ్‌తో (వీడియోలో ఆ క్షణాన్ని చూపే నిమిషాలు, సెకన్ల లెక్కతో) సహా రాసుకోండి. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని, మీరు ఎడిట్ చేసిన హాస్య సన్నివేశాన్ని కూడా శబ్దం లేకుండానే ఒకసారి చూడండి.