ఆడా కొసే, ఈడా కొసే

(కావలిలో మా చర్చా బృందం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదికను అలంకరించిన పెద్దలకు అని మొదలుపెట్టబోయా, అలవాటు. ఈసారి వేదిక లేదు, కుర్చీలు గుండ్రంగా వేశారు. సంతోషం. కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నెల్లూరు జిల్లాలో మైకు పట్టుకున్నవాడు ముందు తిక్కన సోమయాజిని తలుచుకోవాలి, అది మర్యాద. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు రాసిన మహానుభావుడు. మనం మాత్రం పోయిన ఏడాది జరిగిన సమావేశాల్లో ఒక్కదానికీ అరపేజీ రిపోర్టు రాయలేదు. మర్యాద అయిపోయింది, విషయంలోకి వస్తా.

'మన చర్చా సమావేశాలు మెరుగుపడాలంటే' అని నాకు పది నిమిషాలిచ్చారు. చీటీ మీద ఏడు పాయింట్లు రాసుకొచ్చా. అయితే నేను పండితుణ్ని కాదు. ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి దిగినవాణ్ని. నాకు బాగా తెలిసిన సభ ఏదైనా ఉందంటే అది బస్సే. యాభై మంది ఎక్కుతారు, సగం మందికి మిగతా సగం తెలియదు, కిటికీ దగ్గర సీటు కోసం గొడవ, వెనక సీటాయన ముందు సీటాయన్ని జన్మలో తిట్టనన్ని తిట్లు తిడతాడు, కలిగిరి వచ్చేసరికి ఇద్దరూ ఒకే బీడీ కట్టలోంచి బీడీలు తీసుకుని దిగిపోతారు. చర్చ అంటే నాకు గుర్తొచ్చేది అదే.

మొదటి పాయింటు టైము. ఉదయం ఆరింటి సర్వీసు ఆరింటికే తియ్యాలి. లోపల నలుగురే ఉండొచ్చు. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, జనం వస్తారేమో" అనిపిస్తుంది. చూడకూడదు. ఎందుకంటే జలదంకి దగ్గర ఒకాయన పాలక్యానుతో నిలబడి ఉంటాడు. బస్టాండులో ఉన్న మనకి ఆయన కనబడడు. కొత్తలో నాకీ సంగతి తెలియక డ్రైవరన్నని ఆగమన్నా. "నువ్వు ఎక్కినోళ్లని లెక్కపెడతుండావు, ఎక్కాల్సినోళ్లని ఎవుడు లెక్కపెడతాడ్రా?" అన్నాడు. ఆ ముక్క ముప్పై రెండేళ్లు మర్చిపోలేదు. రిటైరై ఈ బృందానికి కన్వీనర్ని అయ్యాక మర్చిపోయా. ఆ కథే చెప్పాలనుకుంటున్నా. మిగతా ఆరు పాయింట్లకి టైము చాలకపోతే క్షమించండి.

మీలో కొందరు ఆ రోజు ఉన్నారు. మూడేళ్ల కిందట, కావలి కాలువ మీద చర్చ పెట్టాం. సంగం ఆనకట్ట దగ్గర పెన్నలోంచి తీసిన కాలువ. పైన సోమశిల డ్యాములో నీళ్లున్న ఏడు కూడా చివరి భూములకి ఎందుకు సరిగా అందవన్నది విషయం. మంచి విషయం. కాలువ కొసన ఉన్న ఊరి నుంచి ఒక రైతుని పిలిచాం. సమావేశం ఐదింటికన్నాం. ఆయన నాలుగున్నరకే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మడిచిన కాగితం.

ముఖ్య అతిథి రాలేదు. పేరు వద్దు, ఊరు వద్దు. ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా" అన్నారు. ఏ దారో చెప్పలేదు. హాల్లో ఇరవై రెండు మందిమి. మొదలుపెడదామా అని ఒకరిద్దరు అడిగారు. ఇంకో పది నిమిషాలు చూద్దామన్నది ఎవరో కాదు, నేనే. అలా నాలుగు సార్లు అన్నా. ఆరు దాటి ఇరవై నిమిషాలకి కారొచ్చింది. తర్వాత దీపం, అగ్గిపెట్టె కోసం వెతుకులాట, పరిచయం, శాలువా. రోహిణీ కార్తెలో కావలిలో శాలువా! మా ఇంట్లో అట్టాంటివి ఏడున్నాయి, మా ఆవిడ వాటితో గ్రైండరు మీద, మిక్సీ మీద దుమ్ము పడకుండా కప్పుతుంది. అతిథి గారు నదీమతల్లి గురించి, వ్యవసాయ సంస్కృతి గురించి ముప్పావుగంట మాట్లాడారు. కాలువ మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఏడుంబావుకి అధ్యక్షులు గారు "ఇప్పుడు రైతు సోదరులు మాట్లాడతారు" అన్నారు. ఆయన లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. గోడ గడియారం చూశాడు. మళ్లీ మడిచాడు. ఒక మడత, రెండు మడతలు, ఎనిమిది మడతలైంది.

"బస్సు పోతాది సార్, ఏడున్నరకి ఆకరిది" అన్నాడు.

ఆ బస్సు నాకు తెలుసు. నేను ఆరేళ్లు చేసిన సర్వీసది. రాత్రికి ఆ ఊళ్లోనే ఆగి పొద్దున తిరిగొచ్చే నైటౌట్ బండి. ఒక్క నిమిషం ఆగదని నాకన్నా ఎవరికి తెలుసు? గుమ్మం దాకా వెంట వెళ్లా. తప్పయిపోయిందన్నా, ఏమనుకోవద్దన్నా. ఆయన చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. "పర్లేదులే సార్. మాకు ఆడా కొసే, ఈడా కొసే" అని మెట్లు దిగిపోయాడు.

కోపంగా అని ఉంటే మర్చిపోయేవాణ్ని. కండక్టరుకి తిట్లు కొత్త కాదు.

తర్వాతి వారం నేనే ఆ ఊరు వెళ్లా. తూము దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. పూడిక ఎక్కడ పేరుకుందో, ఏ తలుపు సరిగా దిగదో, ఎక్కడెక్కడ మోటార్లు పెట్టి తోడతారో, కాలువ కాపలా చూసే లస్కర్ల లెక్క ఒకప్పుడు ఎంత, ఇప్పుడెంత, అన్నీ వేళ్ల మీద చెప్పాడు. పది నిమిషాలు పట్టింది. మన సభలో జరగాల్సిన పది నిమిషాలు అవే. మిగతాదంతా ఊకదంపుడే. ఆ కాగితం నాకిచ్చాడు. ఇదిగో. ఎరువుల కొట్టు బిల్లు వెనకాల నీలం పెన్నుతో కాలువ గీసి ఉంది. చేతులు మారుస్తూ ఒకసారి అందరూ చూడండి, తిరిగి నాకివ్వండి. ఆయన మాత్రం మళ్లీ రాలేదు. మనం పిలిచాం, "వస్తాలే సార్" అంటాడు. రాడు.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర చర్చ అనేది కావలి కాలేజీలతో మొదలైందని ఇందాక ఒక మిత్రులు అన్నారు. కాలేజీల మీద నాకు గౌరవమే. అయితే ఈ జిల్లాలో జరిగిన పెద్ద చర్చ హాల్లో జరగలేదు. దూబగుంటలో జరిగింది. తొంభైల మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడులు పెట్టారు కదా. పొలం పని, వంట పని అయ్యాక ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. పాఠాల్లో సీతమ్మ కథ అని ఒకటుండేది, ఊళ్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ. చదివారు, తమలో తాము మాట్లాడుకున్నారు, మన ఊళ్లో ఎందుకు కాదనుకున్నారు. 1992లో సారా వేలం పాటలు ఆగిపోయే దాకా పోయింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందయింది. అప్పట్లో నేను కలిగిరి రూటులోనే ఉన్నా. బస్సులో ఆడవాళ్లు ఒక్కసారిగా గట్టిగా మాట్లాడటం మొదలైంది. అదివరకు టికెట్ అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని ఊరి పేరు చెప్పినవాళ్లే.

ఆ బళ్లకి ముఖ్య అతిథి లేడు, శాలువా లేదు. వాళ్లకి వీలైన టైముకి, వాళ్ల ఇంటికి నాలుగడుగుల దూరంలో పెట్టారు. అంతే.

మన దగ్గరకి ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని మనం వరసగా మూడు సమావేశాలు చర్చించాం. మూడింట్లోనూ మాట్లాడింది మగవాళ్లమే. సంస్కృతి అన్నాం, టీవీ సీరియళ్లన్నాం, ఒకాయన పాశ్చాత్య ప్రభావం అన్నారు. నాలుగోసారి, ఇక్కడే ఉన్నారు, ఒక టీచరమ్మ వచ్చి రెండు ముక్కల్లో తేల్చేశారు. "బాత్రూముకి తాళం వేసి ఉంటుందండీ. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడగడానికి మొహమాటం." నాకు తల తీసేసినట్టయింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, వాచ్‌మన్ ఆదివారాలు అల్లూరు పోతాడు. ఇదీ మన పాశ్చాత్య ప్రభావం.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ ఉచితం. ఇదివరకు రానూపోనూ ఛార్జీలు అడ్డం అనుకునేవాళ్లం. ఆ అడ్డం పోయింది. ఇక మిగిలింది తాళంచెవి, గడియారం. రెండూ మన చేతిలోవే.

చీటీలో మిగతావి గబగబా చదివేస్తా. ఊరి బయటి నుంచి వచ్చినవాళ్లు ముందు మాట్లాడాలి, కావలి టౌను వాళ్లు ఆఖర్న. మనం నడిచి ఇంటికి పోతాం, మనకేం తొందర? టీ చివర్లో కాదు, మధ్యలో. చివర్లో పెడితే బజ్జీల కోసం ఆగినవాళ్లని చర్చ కోసం ఆగినవాళ్లుగా లెక్కేసుకుంటున్నాం. విషయం వారం ముందే ఒక పేజీలో అందరికీ చేరాలి. ఫోనులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్లని వస్తున్నవాళ్ల కింద రాయొద్దు. పోయిన నెల నలభై ఒక్క బొటనవేళ్లకి పదకొండు మంది వచ్చారు. నవంబరులో వాయుగుండం పట్టినా నలుగురొస్తే నలుగురితోనే జరపాలి. ఒకసారి జరిపాం కూడా, కరెంటు లేదు, సెల్‌ఫోన్ లైటు వేసుకుని రెండు గంటలు ఉప్పు మడుల గురించి మాట్లాడుకున్నాం. నా మట్టుకు నాకు ఈ పదేళ్లలో అదే మంచి సమావేశం. ఏడో పాయింటు ఏం రాశానో నా రాత నాకే అర్థం కావడం లేదు.

శాలువాల సంగతి మాత్రం ఇప్పుడే తేల్చండి. ఆ డబ్బుతో కిందింటివాళ్లకి ఏదైనా ఇచ్చి, వాచ్‌మన్ లేని రోజు తాళంచెవి వాళ్ల దగ్గర పెట్టించండి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. సగం మందే ఎత్తారు. మిగతావాళ్లకి ఇంకా శాలువా అందలేదేమో.

నాకిచ్చింది పది నిమిషాలు, పద్దెనిమిది తీసుకున్నా. తిట్టండి, పడతా. గడియారంలో ఏడు కావస్తోంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మ ఇందాకట్నుంచి సంచి ఒళ్లోకి తీసుకుని రెండుసార్లు గడియారం చూశారు. వింజమూరు బస్సే కదమ్మా? ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది, ఇక్కణ్నుంచి బస్టాండుకి నడక ఎనిమిది నిమిషాలు, మా వాడు బండి మీద దించుతాడు. బాబూ, ఈ మైకు అటు అందించు. వైరు కాలికి తగులుతుంది, చూసుకో. అమ్మా, లేవక్కర్లేదు, కూర్చునే మాట్లాడండి.