ఆస్ట్రేలియా టీమ్ కాలిస్తెనిక్స్: ఏ ఐటమ్‌లో ఏం చూడాలి? | తెలుగు రివ్యూ

అందరికీ నమస్కారమండి. కాలిస్తెనిక్స్ అని యూట్యూబ్‌లో కొడితే బార్‌కి వేలాడుతూ పుల్-అప్స్ కొట్టే కుర్రాళ్లు వస్తారు. ఈ వీడియో వాళ్ల గురించి కాదు. ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా విక్టోరియా రాష్ట్రంలో, ఇదే పేరుతో స్టేజ్ మీద ఆడే టీమ్ ఆట ఒకటుంది. కొంచెం జిమ్నాస్టిక్స్, కొంచెం బ్యాలే, కొంచెం కవాతు, చేతిలో కడ్డీలు, పైన తళుకుల కాస్ట్యూమ్. ఆడేది దాదాపు అందరూ ఆడపిల్లలే. టైనీస్ అని 7 ఏళ్ల లోపు పిల్లల నుంచి, మాస్టర్స్ అని 26 దాటినవాళ్ల దాకా వయసుని బట్టి విభాగాలుంటాయి. పెద్దయ్యాక, పిల్లలు పుట్టాక కూడా మళ్లీ వచ్చి ఆడేవాళ్లున్నారు.

ఈ ఆట ఆడేవాళ్లందరి కన్నూ బల్లారట్ మీదే ఉంటుంది. మెల్‌బోర్న్‌కి 110 కిలోమీటర్ల దూరంలో, 1850ల్లో బంగారం దొరికిన ఊరది. అక్కడ రాయల్ సౌత్ స్ట్రీట్ సొసైటీ వాళ్లు 1891 నుంచి పోటీలు పెడుతున్నారు. మొదట్లో వక్తృత్వం, సంగీతం లాంటివి ఉండేవి, కాలిస్తెనిక్స్ తర్వాత వచ్చి చేరింది. పోటీలు జరిగే హర్ మెజెస్టీస్ థియేటర్ 1875 నాటిది. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లు బల్లారట్ అంటే సావరిన్ హిల్ అనే పాత బంగారు గనుల మ్యూజియంకి వెళ్లి, బంగారం గాలించి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఈ థియేటర్ వైపు తొంగి కూడా చూడరు.

సరే, రివ్యూకి వద్దాం. ఒక టీమ్ ఒక్క డ్యాన్స్ చేసి వెళ్లిపోదండి. మార్చ్, ఫ్రీ ఎక్సర్‌సైజెస్, రాడ్స్, క్లబ్స్, ఈస్తటిక్స్, ఇవి కాక పాటలూ కథలూ ఉండే ఐటమ్‌లు, ఇలా విడివిడిగా చేయాలి. ఒక్కోదానికి వేరే కాస్ట్యూమ్, వేరే మార్కులు. సాధారణంగా ఒకే ఐటమ్‌ని టీములన్నీ వరసపెట్టి చేస్తాయి కాబట్టి, మూడో టీమ్ వచ్చేసరికి మనకే తేడాలు పట్టుబడిపోతాయి. నేను గమనించింది ఏంటంటే, హాల్లో చప్పట్లు మోగే ఐటమ్‌కీ, టీమ్ సత్తా తేల్చే ఐటమ్‌కీ సంబంధమే లేదు.

చప్పట్లు మోగేది ఫ్రీ ఎక్సర్‌సైజెస్‌కి. చేతిలో ఏ సామానూ ఉండదు, ఒళ్లే సామాను. స్ప్లిట్స్, వెనక్కి వంగి చేతుల మీదుగా తిరిగి లేవడం, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు చెవి దాకా ఎత్తడం. మొదటిసారి చూసేవాళ్లు నోరెళ్లబెడతారు, తప్పులేదు. కానీ ఇక్కడ కోచ్‌లకి ఒక సౌకర్యం ఉంది. బాగా వంగగలిగిన నలుగురిని ముందు వరసలో మధ్యన పెడితే మన కళ్లు అక్కడే అతుక్కుపోతాయి. అందుకే ఈ ఐటమ్ నడుస్తున్నప్పుడు వెనక వరస చివర నిలబడ్డ అమ్మాయిని చూడండి. ఆమె మోకాలు కూడా నిటారుగా ఉంటే అది మంచి టీమ్.

ఇంక మార్చ్. పూర్తి పేరు ఫిగర్ మార్చింగ్. మన స్కూల్లో ఆగస్టు 15కి డ్రిల్ మాస్టారు ఎండలో నిలబెట్టి చేయించిన కవాతుకి ఇది బాగా చదువుకున్న అక్క అనుకోండి. మామూలు కవాతులో వరస నేరుగా పోతే చాలు. ఇక్కడ ఆ వరసలే విడిపోయి, ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ వెళ్లి, చక్రంలా తిరిగి, మళ్లీ గీత గీసినట్టు కలవాలి. ఆ చక్రం తిరిగేటప్పుడు వీడియో ఆపి చూడండి. లోపలి చివర ఉన్న అమ్మాయి దాదాపు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంటుంది. బయటి చివర అమ్మాయి పెద్ద పెద్ద అంగలు వేస్తుంటుంది. తాళం మాత్రం ఇద్దరికీ ఒకటే, మధ్యలో గీత వంకరపోకూడదు, తల పక్కకి తిప్పి చూసుకోవడానికి వీల్లేదు. కంటి చివరతో కొలుచుకోవాల్సిందే. ఇందులో ఒళ్లు వంచే విన్యాసం ఒక్కటీ లేదు. అందుకే జనం బోర్ కొట్టి ఫోన్లు చూసుకునేది కూడా ఇప్పుడే. నాకైతే డబ్బులిచ్చి చూడదగ్గ ఐటమ్‌లలో ఇదొకటి. కాకపోతే ముందు సీట్లో కూర్చుంటే మోకాళ్లు తప్ప బొమ్మ కనపడదు, బాల్కనీ ఎక్కాలి.

రాడ్స్ అంటే సన్నటి లోహపు కడ్డీలు. మనిషికొకటి. వేళ్ల మధ్య తిప్పుతారు, చేయి మారుస్తారు, వీపు వెనకనుంచి తెస్తారు, చివరికి అన్ని కడ్డీలూ ఒకే కోణంలో ఆగాలి. లైట్లు పడి మెరుస్తాయి కాబట్టి ఒక్క కడ్డీ నాలుగు వేళ్లు కిందికి ఉన్నా దొరికిపోతుంది. నేను చూసిన ఒక రౌండ్‌లో ఓ పాప చేతిలోంచి కడ్డీ జారింది. ఠంగుమని మోగింది, స్టేజ్ మీద దొర్లింది, హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆ పాప ముఖంలో నవ్వు చెదరలేదు. ఖాళీ పిడికిలి బిగించి, కడ్డీ ఉన్నట్టే రెండు కదలికలు చేసి, కిందికి వంగే స్టెప్ వచ్చినప్పుడు తీసుకుంది. అప్పుడు పడ్డ చప్పట్లు మాత్రం సరైన చోట పడ్డాయి.

క్లబ్స్ దగ్గర కాసేపు ఆగుదాం, నా లెక్కలో టీమ్ సత్తా తేల్చే ఐటమ్ ఇదే. సీసా ఆకారంలో ఉండే రెండు చిన్న గదలు, చేతికొకటి. వీటిని ఇంగ్లిష్‌వాళ్లు ఇప్పటికీ ఇండియన్ క్లబ్స్ అనే పిలుస్తారు. మన వ్యాయామశాలల్లో పహిల్వాన్లు తిప్పే ముద్గరాలు చూసి 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైనికులు నేర్చుకున్నారు. బరువు తగ్గించి, సన్నగా చెక్కించి తమ దేశానికి తీసుకెళ్లారు. అక్కణ్నుంచి స్కూళ్లలోకి, ఆడవాళ్ల వ్యాయామంలోకి పాకింది. ఒలింపిక్స్‌లో కూడా 1904లో, 1932లో క్లబ్స్ తిప్పే పోటీ పెట్టారు. 1932 లాస్ ఏంజెలిస్‌లో పోటీకి దిగింది నలుగురే, జార్జ్ రోత్ అనే అమెరికన్‌కి బంగారు పతకం వచ్చింది. తర్వాత ఒలింపిక్స్ ఆ పోటీని వదిలేసింది, ఈ ఆస్ట్రేలియా అమ్మాయిలు వదల్లేదు.

రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో లాగా ఇక్కడ పైకి విసిరి పట్టుకోవడం ముఖ్యం కాదు, తిప్పడమే అసలు పని. భుజం నుంచి పెద్ద వలయం, మణికట్టు నుంచి చిన్న వలయం. పెద్దది ముగిసేలోపు తల వెనక చిన్నది దూర్చాలి. ఒక్కోసారి కుడిచేయి ఒక వైపు, ఎడమచేయి ఇంకో వైపు తిరగాలి. ఇంట్లో రెండు గరిటెలు పట్టుకుని చేసి చూడండి, పది సెకన్లలో రెండు చేతులూ ఒకే దిక్కుకి తిరిగిపోతాయి. దీనికి తోడు కాళ్లు వేరే పనిలో ఉంటాయి, మోకరించాలి, ముందుకు సాగాలి. వలయం ఎదురుగా అద్దం పెట్టినట్టు ఒకే తలంలో ఉండాలి, కాస్త ముందుకో వెనక్కో ఒరిగితే పక్కనుంచి చూసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఎవరినీ వెనక వరసలో దాచలేరు. క్లబ్ కొస చేయి కంటే ఎంతో దూరం తిరుగుతుంది కదా, మణికట్టులో ఆవగింజంత తప్పు కొసలో జానెడవుతుంది. పక్కనున్నవాళ్ల క్లబ్ పైనున్నప్పుడు తప్పు చేసిన అమ్మాయిది కిందుంటుంది. ఇంత కష్టపడి చేస్తే వచ్చేవి ఓ మోస్తరు చప్పట్లే, కారణం ఏంటంటే బాగా తిప్పితే చాలా తేలిగ్గా కనపడుతుంది.

ఈస్తటిక్స్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పల్చటి గౌన్లు, మెల్లటి సంగీతం, బ్యాలే పద్ధతిలో చేతుల కదలిక. కష్టమే, నెమ్మదిగా కదిలేటప్పుడు దాక్కోవడానికి తాళం కూడా ఉండదు. కానీ టీములన్నీ ఒకే రకం విషాద సంగీతం ఎంచుకుంటే నాలుగో టీమ్‌కి నాకు ఆవలింతలొచ్చాయి. పాడుతూ ఆడే సాంగ్ అండ్ డ్యాన్స్, కథ నడిపే రెవ్యూ మాత్రం కుటుంబంతో చూడ్డానికి బాగుంటాయి. పెద్దగా విప్పి చెప్పాల్సిందేం లేదు, నవ్విస్తాయి.

కామెంట్లలో ఒక అక్క అడిగారు, మా పాపని చేర్పించొచ్చా అని. చేర్పించండి. నలుగురితో కలిసి ఒక లెక్కలో కదలడం బాగా అలవాటవుతుంది. కానీ ఈ ఆట నేర్పే సంఘంలో చేరేముందు ఫీజొక్కటే అడక్కండి. ఏడాదికి ఎన్ని కాస్ట్యూమ్‌లు, వాటికి రాళ్లూ తళుకులూ కుట్టేది ఎవరు అని అడగండి. చాలాచోట్ల జవాబు అమ్మలే. పోటీ సీజన్‌లో శనాదివారాలు మీవి కావని ముందే ఇంట్లో చెప్పుకోండి. టికెట్ కొనేటప్పుడు బాల్కనీ మొదటి వరస ఖాళీగా ఉందేమో చూడండి, లేకపోతే కనీసం క్లబ్స్ ఐటమ్‌కి పక్క సీట్లకి జరగండి.