సైకిల్ మెల్లగా తొక్కమంటే మధ్యరకంగా తొక్కుతారేంటి? ఆకురాలు కాలపు ట్రైనింగ్, దానికి తగ్గ వంట

[తెర మీద: ఒక రైడ్ ఫైల్. పవర్ గీత రంపపు పళ్లలా పైకీ కిందకీ]

రేసుల సీజన్ అయిపోయింది, ఇక చలికాలం దాకా బేస్ ట్రైనింగే (ఎక్కువసేపు మెల్లగా తొక్కి ఓర్పు పెంచుకోవడం) అని అందరూ అంటారు. ఫైల్ తెరిచి చూస్తే బేస్ ఎక్కడా కనపడదు. మెల్లగా తొక్కిందీ లేదు, గట్టిగా తొక్కిందీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి.

ఇలా మెల్లగా తొక్కే స్థాయినే జోన్ టూ అంటారు. అంకె ఒక్కటి చాలు: ఎఫ్‌టీపీలో, అంటే మీరు సుమారు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ పవర్‌లో, 56 నుంచి 75 శాతం. మీది 200 వాట్లయితే 112 నుంచి 150. ఈ వాట్లు కొలిచే పవర్ మీటర్ లేదా? నోరే మీటరు. ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నారంటే గీత దాటినట్టే.

[తెర మీద: పొయ్యి మీద గిన్నె]

ఇప్పుడు ఈ రాజ్మా గిన్నె చూడండి. ఈ వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది, ఓపిక పట్టండి. తొందరపడి సెగ పెంచారనుకోండి, తొక్క పగులుతుంది, అడుగంటుతుంది, గింజ లోపల మాత్రం పలుకుగానే ఉంటుంది. సన్న సెగ మీద గంట ఉడికితేనే లోపలిదాకా మెత్తబడుతుంది. కండరంలో మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు), సన్న రక్తనాళాలు పెరగడానికీ కావాల్సింది గంటలే. ఎఫ్‌టీపీలో 85 శాతం దగ్గర తొక్కినా అవి పెరుగుతాయి, కాదనను. కానీ గ్లైకోజెన్ (కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం) తరిగిపోతుంది, మర్నాడు కాళ్లు బరువెక్కుతాయి, ఇక గట్టిగా తొక్కాల్సిన రోజున గట్టిగా తొక్కలేరు. అడుగంటడం అంటే అదే.

సెగ ఎక్కడ పెరుగుతుందో తెలుసా? చిన్న చిన్న ఎత్తుల్లో. చదునులో 140 వాట్లు, ఎత్తు రాగానే 240. సగటు చూస్తే 150 ఉంటుంది, మనం మురిసిపోతాం. సగటును నమ్మకండి. ఎత్తు మొదలవకముందే గేర్ తగ్గించి, పెడల్ నిమిషానికి 80 నుంచి 90 తిప్పుళ్లు పడేలా చూసుకోండి. వెనకాలవాళ్లు దాటిపోతే పోనివ్వండి. గుంపులో ఇది చాలా కష్టం, ప్రతివాడూ పక్కవాడికన్నా అర చక్రం ముందుండాలనుకుంటాడు. బేస్ రైడ్ ఒంటరిగానే నయం.

అయితే రాజ్మాలో ఒక మెలిక ఉంది. సన్న సెగ ఒక్కటే పెడితే అది ప్రమాదం. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర నిదానంగా ఉడికిస్తే అది విరగదు సరికదా, పచ్చి గింజలకన్నా ఎక్కువ హాని చేయొచ్చు. వాంతులు, విరేచనాలు. అందుకే కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ముందు గలగలా మరిగించాలి. 10 నిమిషాలు తప్పనిసరి, 30 అయితే ఇంకా భద్రం. ఆ తర్వాతే సెగ తగ్గించాలి. నానబెట్టిన గింజల్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయొద్దు.

ట్రైనింగ్‌లోనూ ఆ కాసేపు మరగడం ఉండాలి. స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు అగ్రశ్రేణి క్రీడాకారుల ట్రైనింగ్ పరిశీలించి చెప్పింది, సుమారు 80 శాతం సెషన్లు తేలిక, మిగతావి గట్టివి అని. వారానికి ఐదు రైడ్లు చేసేవాళ్లకు ఒకటి గట్టిది: 4 నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మధ్యలో 3 నిమిషాలు తేలిక. మిగతా నాలుగూ సన్న సెగే.

ఇక తిండి. మెల్లగా తొక్కుతున్నాం, కొవ్వే కరుగుతుంది, తినక్కర్లేదు అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. 140 వాట్లతో రెండున్నర గంటలంటే 1,260 కిలోజౌళ్లు. మనం ఖర్చు చేసే శక్తిలో పావు వంతు దాకానే పెడల్‌కి చేరుతుంది, కిలోక్యాలరీ అంటే సుమారు నాలుగు కిలోజౌళ్లు కాబట్టి, ఖర్చయ్యేవి కూడా దాదాపు అన్నే కిలోక్యాలరీలు. అందులో సగం పిండిపదార్థం నుంచి వచ్చిందనుకున్నా 150 గ్రాముల పైమాటే. గంటకు 30 నుంచి 60 గ్రాములు లోపలికి పోవాలి.

గుమ్మడికాయ సూప్ తాగి "కార్బ్ లోడింగ్" (ఒంట్లో పిండిపదార్థం నింపుకోవడం) అనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 100 గ్రాముల గుమ్మడిలో పిండిపదార్థం ఆరేడు గ్రాములకు మించి ఉండదు. కడుపు నిండుతుంది, కాళ్లకేమీ అందదు. అదే చిలగడదుంపలో 20 గ్రాములు. ఉడికించి, తొక్క తీసి, చిటికెడు ఉప్పుతో మెత్తగా మెదిపి చిన్న జిప్ కవర్లో నింపండి. మూల కొరికి పిండుకు తినొచ్చు. చలికి ఎనర్జీ బార్లు రాయిలా బిగుసుకుపోతాయి, ఇది మెత్తగానే ఉంటుంది. 150 గ్రాముల ముద్దలో సుమారు 30 గ్రాముల పిండిపదార్థం.

రైడ్‌కి రెండు గంటల ముందు 80 గ్రాముల ఓట్స్, ఒక యాపిల్ ముక్కలు కలిపి ఉడికించినవి. సుమారు 70 గ్రాముల పిండిపదార్థం వస్తుంది.

రైడ్ తర్వాత రాత్రికి, ఇద్దరికి: 150 గ్రాముల రాజ్మా పైన చెప్పినట్టు మరిగించి, సన్న సెగ మీద ముప్పావు గంట నుంచి గంట. పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా వేయండి. ముందే వేస్తే పులుపుకి గింజ గట్టిపడి ఎంతసేపటికీ ఉడకదు. అప్పుడు 400 గ్రాముల చిలగడదుంప, 300 గ్రాముల గుమ్మడి ముక్కలు, మరో 20 నిమిషాలు. పక్కన అన్నం, మనిషికి 80 గ్రాముల బియ్యం. రైడ్‌కి ముందు రాత్రి మాత్రం ఇది వద్దు, పీచు ఎక్కువ, పొద్దున సీటు మీద కడుపు ఉబ్బరంతో అవస్థ.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బేస్ పడిందో లేదో చూడాలంటే రెండు గంటలు ఒకే పవర్‌తో తొక్కి, ఫైల్‌ని రెండు సగాలు చేయండి. ఒక్కో సగంలో సగటు వాట్లను సగటు హార్ట్ రేట్‌తో భాగించండి. మొదటి సగం 140 బై 128, రెండో సగం 140 బై 138 అయితే తగ్గుదల 7 శాతం. 5 లోపు రావాలి. ఎండలోనో, నీళ్లు తాగకుండానో చేస్తే అంకె చెడుతుంది, చల్లని రోజునే చూసుకోండి. చలిలో దాహం తెలియదు, పావుగంటకోసారి గుక్క పడాల్సిందే. మోకాళ్లు కప్పుకోండి. తడి ఆకుల మీద, రోడ్డు మీది రంగు గీతల మీద బ్రేక్ వేయొద్దు, బండి వంచొద్దు. వానకి తడిస్తే టైర్లో గాలి నాలుగైదు పీఎస్ఐ తగ్గించండి. రిమ్ బ్రేక్ (చక్రం అంచుని పట్టే బ్రేక్) ఉన్నవాళ్లు ఇంటికొచ్చాక ప్యాడ్లు విప్పి చూడండి, ఇసుక రేణువులు దిగబడి ఉంటాయి. సూదితో తీసేయండి, లేకపోతే రిమ్‌ని కొరుక్కు తినేస్తాయి.