ఇంట్లో చదివే పిల్లలకీ సంఘంలో చోటుండాలి

శ్రోతలందరికీ నమస్కారం. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో అక్కడక్కడా ఒక్కో కుటుంబం పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటోంది. అది మంచిదా కాదా అన్న వాదన పెట్టుకోను గానీ, ఆదివారం చర్చికొచ్చాక ఆ పిల్లలు పడే ఇబ్బంది గురించి మాత్రం మాట్లాడాలి.

సండే స్కూల్లో టీచరమ్మ ముందు అడిగేదే "ఏ క్లాసమ్మా?" అని. ఆ పిల్ల తల్లి వైపు చూస్తుంది. వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు తరగతుల్లో, గ్రూపులూ క్లాసును బట్టే చేస్తారు, వయసు రాసుకుంటే సరిపోయేదానికి. ఇక మెట్రిక్ పరీక్షల ముందు పాస్టరు గారు పదో తరగతి పిల్లలందర్నీ ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు కదా, బడికెళ్లకుండా ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టిన అబ్బాయి అప్పుడు లేవాలో వద్దో తెలీక కూర్చుండిపోతాడు. అతని పరీక్షలు ఏప్రిల్‌లో, అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఎంత బాధ చెప్పండి!

అసలు సండే స్కూలు పేరు తెచ్చుకుందే బడి లేని పిల్లల వల్ల. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని మొదలుపెట్టింది వారమంతా పనికెళ్లే పేద పిల్లలకి ఆదివారం పూట చదవడం నేర్పడానికే, వాళ్ల చేతికిచ్చిన పుస్తకం బైబిలు.

మన సంగతే చూడండి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక, ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి బడిలో దొరికేది ఒడియా, ఇంగ్లీషే. మరి తెలుగు ఎలా వచ్చింది? అమ్మ పక్కన కూర్చుని, బైబిల్లో గీత కింద వేలు పెట్టి, ఒత్తుల దగ్గర ఆగి ఆగి కూడబలుక్కుంటే వచ్చింది. మనలో చాలామందిది కొంతైనా ఇంటి చదువే, అందుకే ఆ కుటుంబాన్ని వింతగా చూడటం నాకు నచ్చదు.

ఇంట్లో చదివించే అమ్మానాన్నలకీ ఒక మాట. ఆరాధన అవగానే బండెక్కి వెళ్లిపోతే, మా పిల్లలతో కలిస్తే పాడైపోతారనుకుంటున్నారేమో అని మిగతావాళ్లు నొచ్చుకుంటారు. కాసేపు ఉండండి. మీ పిల్లలకి తెలుగు చదవడం బాగా వస్తే, ఆరాధనకి ఓ అరగంట ముందే వచ్చి, రాని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు పాడబోయే కీర్తనలు చదివించమనండి. పాస్టరు గారు కాదనరు.